మా ఫ్రిజ్ ముందు పీట

నిన్న ఏలూరులో మేముంటున్న పాత ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ గోడలో సాకెట్టు విప్పి, లోపల ఎర్త్ వైరే లేదనీ, అది లాగకుండా మూడు కన్నాల సాకెట్టు బిగిస్తే ఆ మూడో కన్నం ఉత్త అలంకారమేననీ చెబుతుంటే, నేను మాత్రం చిన్నప్పటి తాడేపల్లిగూడెంలో, మా ఫ్రిజ్ ముందు పీట మీద నిలబడి ఉన్నాను.

మా వీధిలో మొదటి ఫ్రిజ్ మాదే. రిక్షాలో ఊరేగి వస్తున్న దాని వెనక నడిచిన జనం ఏ మంత్రిగారి వెనకా నడిచి ఉండరు. తీరా చూస్తే దాని ప్లగ్గుకి మూడు పిన్నులు, మా గోడకి రెండే కన్నాలు. ఏ చిక్కునైనా రంపంతో తీర్చవచ్చని నమ్మే నాన్నగారు పైనున్న లావుపాటి ఎర్త్ పిన్నుని కోసి పారేశారు. కొన్నాళ్లకి ఫ్రిజ్ చురుక్కుమనిపించడం మొదలెట్టింది. రబ్బరు చెప్పులు వేసుకుని, చెక్కపీట ఎక్కి, పొడి తువ్వాలుతో తలుపు తియ్యడం మాకు అన్నం తిన్నంత మామూలైపోయింది. వీధికంతా చూపించుకున్న ఫ్రిజ్ షాక్ కొడుతోందని బయటపెట్టడం నాన్నగారికి నామోషీ. బళ్లో నా పరపతంతా ఐసుముక్కల మీదే నిలబడింది కనక నాకూ నామోషీయే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పిల్లకి జ్వరమని పక్కింటి అత్తయ్యగారు గిన్నెతో ఐసుకి వచ్చారు. మర్యాద కొద్దీ చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు కడుక్కుని మరీ లోపలికి వచ్చారు. చెప్పులతో రండని చెప్పడానికి నేను సిగ్గుపడి నీళ్లు నములుతుండగానే, నన్నెందుకు శ్రమపెట్టడమని ఆవిడే తడిచేత్తో తలుపు పట్టుకున్నారు. మరుక్షణం గోడకి కొట్టుకుని కూలబడ్డారు. ఇందులో నేను పెంచి చెప్పిందేమీ లేదు.

అమ్మ పరుగెత్తుకొచ్చి లేవదీస్తే, ఊపిరి కూడదీసుకుని ఆవిడ అన్న మాట ఇది: "అడక్కుండా ముట్టుకున్నానండీ వదినగారూ. తప్పు నాదేనండీ."

ఆ సాయంత్రమే నాన్నగారు పెరట్లో గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గులూ వేయించి, ఎర్త్ వైరు లాగించి, సరైన సాకెట్టూ కొత్త ప్లగ్గూ పెట్టించారు. పీట వంటింట్లోకి వెళ్లిపోయింది. అత్తయ్యగారు మాత్రం ఆ తరవాత ఎప్పుడొచ్చినా గుమ్మం దాటలేదు. ఇప్పుడేమీ కొట్టదు, లోపలికి రండమ్మా అని నాన్నగారే స్వయంగా పిలిస్తే, ఇక్కడే బాగుందండీ అని నవ్వేవారు.

నిన్న ఇంట్లో ఉన్న ప్రతి సాకెట్టుకీ, ఏమీ తగిలించని వాటికి కూడా, ఎర్త్ లాగమన్నాను. ఈ రోజుల్లో ఇంటింటా ఫ్రిజ్ ఉంది, గిన్నె పట్టుకుని ఐసు కోసం వచ్చేవాళ్లే లేరు. అయినా ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసినప్పుడల్లా, ఎవరైనా బయట నిలబడి ఉన్నారేమోనని ఒకసారి గుమ్మం వైపు చూస్తాను.