గంధకం పొడి గురించి నేను రాసిన కాగితం

యాభై ఆరేళ్ల వయసులో నాకు అక్షరాలు వచ్చాయి. నా పేరు తప్ప నేను రాసిన మొదటి కాగితం గంధకం పొడి గురించి. అది కూడా నా మాట కాదు.

మోకాళ్లు పట్టేసి నాట్లకు పోవడం మానేశాక, తిరుమలగిరి దగ్గరి మా ఊరు వదిలి సూర్యాపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. కోడలు ఇంట్లోనే ఆరోగ్యపు పొడులు అమ్ముతుంది. ఒకరోజు తెల్లటి డబ్బా తెచ్చి, ఇది గంధకం పొడి, రోజూ ఒక చెంచా నీళ్లలో కలుపుకుని తాగమంది. నాకు తెలిసిన గంధకం మిరప చేను మీద బూడిద తెగులుకు చల్లేదే. ఆ పసుపు దుమ్ము కళ్లలో పడితే పొద్దంతా మంట.

"నాకు గంధకం తాగిపిస్తవా?" అన్నాను.

"అది వేరు అత్తయ్యా. ఇది మన ఒంట్లో ఉండేదే. ఉల్లిపాయలో, వెల్లుల్లిలో, గుడ్డులో ఉంటుంది. మీరేమన్నా మిరప చెట్టా, చల్లడానికి?" అంది. కోడలిది కోదాడ. మాట మెత్తగా ఉంటుంది, కాదనడానికి సందు మాత్రం ఉండదు.

వాసన లేదు, ఒట్టి చేదు. రెండు నెలలు తాగాను. నొప్పి కొంత తగ్గింది. పొడితో తగ్గిందో, బురదలో నడుం వంచే పని మానినందుకు తగ్గిందో నాకు ఇప్పటికీ తెలియదు. కోడలికి మాత్రం తెలుసు. కాగితం, పెన్ను నా ముందు పెట్టింది.

"మీ చేత్తో రాయండి. అచ్చు వేసింది ఎవరూ నమ్మరు."

తను చెబుతుంటే రాశాను. ఈ పొడితో నా మోకాళ్లు బాగయ్యాయి. షుగరుకు కూడా ఇదే మందు, గోళీలు అక్కర్లేదు. రెండో మాట దగ్గర పెన్ను ఆపాను.

"నాకు షుగర్ లేదు గద బిడ్డా."

"మా కంపెనీ పైవాళ్లు చెప్పారండీ. రాయండి."

ఆమె వండింది తింటున్నాను. రాశాను.

ఆ కాగితం ఫొటో ఫోన్లలో మిర్యాలగూడ దాకా తిరిగింది. కోదాడలో ఆ పొడి అమ్మేవాళ్ల మీటింగులో నన్ను ముందు కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి చూపించమన్నారు. లేచాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట లేవడమే నా పని అయింది. మోకాళ్లు సలుపుతున్న రోజున కూడా నవ్వుతూనే లేవాలి.

ఊళ్లో నాకు వరుసకు మరదలు ఒకామె ఉంది. ముప్పై ఏళ్లు పక్కపక్కనే నాట్లు వేశాం, ఈమధ్యే ఊరి రాత్రిబడిలో ఒకే పలక మీద అక్షరాలు దిద్దాం. మొన్న ఊరికి పోతే, కాలి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏమైంది పిల్లా?"

"ముల్లు ఇరిగింది. నెలైతుంది, మాన్తలేదు. షుగర్ గోళీలు బంద్ జేసిన గద, ఇగ పొడే తాగుతున్న."

"ఎవలు బంద్ జెయ్యమన్నరు?"

"నువ్వే!" అని ఫోనులో నా కాగితం చూపించింది. "అచ్చక్షరాలు నాకు సక్కగ రావు వదినె. నీ రాతయితే గడగడ సదువుత."

షుగరు మాట నిజమో కాదో రాసిన నాకే తెలియదు. మర్నాడు సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మను అడిగాను. మోకాళ్ల నొప్పికి ఆ పొడి కొందరికి కొంచెం ఆసరా అయితే కావచ్చు గాని, షుగరుకు అది మందు కాదంది. ఆ పుండు ముదిరితే వేలు తీసేయాల్సి వస్తుంది, వెంటనే తీసుకురమ్మంది. ఇంటికి వచ్చి, షుగరుకు ఆ పొడి మందు కాదు, గోళీలు మానొద్దు అని ఎవరూ చెప్పకుండా నా అంతట నేను ఇంకో కాగితం రాసుకుని, శనివారం పొద్దున మళ్లీ ఊరికి బస్సెక్కాను.

మరదలు దాన్ని రెండుసార్లు చదివింది.

"గిది ఎవలు రాయించిండ్రు నీతోని?"

"ఎవలు లేరు. నా మాటనే. మొన్నటిది కోడలు చెప్తే రాసిన."

"మొన్న ఒకలు చెప్తే రాసినదానివి, గియ్యాల ఎవలు చెప్తే రాసినవో నాకేం ఎరుక? కోడలితోని కొట్లాట పెట్టుకున్నవా ఏంది?" అని నవ్వింది. నవ్వి, ముఖం ముడుచుకుంది. "నీ మోకాళ్లు మంచిగయినయ్. నాకు షుగర్ తక్కువ కావద్దా?"

డాక్టరమ్మ మాట చెప్పాను. వేలు సంగతి చెప్పాను. వినలేదు. ఇంతలో నా ఫోను మోగింది. కోడలు. మర్నాడు మిర్యాలగూడలో మీటింగు ఉంది. తీయలేదు. అది ఆగి, మళ్లీ మోగింది.

"నువ్వు దవాఖానకు నడిస్తెనే నేను ఈ అరుగు దిగుత" అన్నాను.

"కూసో మరి" అంది మా మరదలు, గ్లాసు నీళ్లలో పొడి వేసి చెంచా తిప్పుతూ.