అమావాస్య గొళ్లెం

నన్ను కన్నామెకు పిచ్చి ఉండేదని నా ఎనిమిదో ఏట మా అమ్మ చెప్పింది. పెంచిన ఆమెనే నేను అమ్మ అంటాను, ఇంకొకరిని అనే అవకాశం రాలేదు. టేక్మాల్ దగ్గరి ఊళ్లో కన్నామె అమావాస్య వచ్చిందంటే జుట్టు పీక్కుంటూ అరిచేదట. అది రక్తంలో ఉంటుందని, నాకూ వస్తుందని అమ్మ నమ్మకం. అందుకని ప్రతి అమావాస్యకూ బడి మాన్పించి, మెదక్‌లో మా ఇంటి వెనక బియ్యం బస్తాలుండే అర్రలో నన్ను కూర్చోబెట్టి బయట గొళ్లెం పెట్టేది.

గిన్నెలో పెరుగన్నం, చెంబుతో నీళ్లు కూడా పెట్టేది. ప్రేమ లేక చేసిన పని కాదు, అదే నాకు ఇప్పటికీ కోపం. మొదటి రెండుసార్లు బస్తాల మీద నిద్రపోయాను. మూడోసారి కాలి మీంచి ఎలుక పోతే అరిచి తలుపు బాదాను. అమ్మ తీయలేదు. బయట నాయినతో, "చూసినవా, షురువైంది" అన్నది. ఆ గొంతులో బాధ కంటే తన మాట నెగ్గిందన్న తృప్తే ఎక్కువ. నాయిన చెప్పులేసుకుని బజారుకు పోయాడు.

వంటింటి క్యాలెండర్లో అమావాస్యలకు అమ్మ కుంకుమ బొట్లు పెట్టేది. పదో తరగతికి వచ్చేసరికి, బొట్టుకు ఇంకా రెండు రోజులుందనగానే నాకు చేతులు వణికేవి, ఊపిరి అందేది కాదు. ఇరవై రెండేళ్లప్పుడు నేనే దవాఖానకు పోయాను. అమ్మ వెంట వచ్చింది. కొంత పుట్టుకతో రావచ్చు, కొంత పెరిగిన ఇంటి నుంచి రావచ్చు అని డాక్టరమ్మ మందులు రాసింది. అమ్మ మొదటి ముక్క పట్టుకుంది, నేను రెండోది.

కొంతైనా ఆ గొళ్లెం వల్లే అని అమ్మ ఒక్కసారి ఒప్పుకోవాలి. నాకింకేమీ అక్కర్లేదు. అందుకు రుజువేమైనా దొరుకుతుందేమోనని కన్నామె ఊరు వెతుక్కుంటూ పోయాను. అక్కడ మేనత్త దగ్గర పెరిగిన నా తోడబుట్టిన అక్క ఉంది. కన్నామెకు జబ్బున్న మాట నిజమేనన్నది. తనకూ ఒకప్పుడు ఊరికే భయమేసి బుగులు పుడితే మేనత్త దవాఖానకు తీసుకుపోయిందట, మందులతో తగ్గిందట. అమావాస్య నాడు నీకేమవుతుందని అడిగితే ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

"ఏమైతది చెల్లె? బీడీలు చేసుకుంట కూసుంట."

తిరిగొచ్చి అమ్మకు అంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తాపీగా అడిగింది.

"మరి ఆమెకు తగ్గింది, నీకెందుకు తగ్గలే?"

"నువ్వు గొళ్లెం పెట్టినవ్, గందుకు."

"పెట్టకుంటే ఇంకెంత ముదురునో."

నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాతి అమావాస్య పొద్దున అమ్మ బియ్యం కోసం అర్రలోకి పోగానే బయట గొళ్లెం పెట్టాను. ముందు మెల్లగా తట్టింది, తర్వాత బాదింది, నన్ను పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. గంటసేపు గడప ముందు కూర్చుని సంతోషంగా విన్నాను. ఇప్పుడైనా తెలుస్తుందనుకున్నాను.

బజారు నుంచి నాయిన వచ్చేసరికి తలుపు తీశాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను దాటి ఆయన వైపు చూసింది.

"నేను చెప్పలేదా? తల్లి రక్తం ఏడికి పోతది."

గొళ్లెం పెట్టడం నేను కన్నామె దగ్గర నేర్చుకోలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాని అప్పటికే నా చేతులు వణకడం మొదలైంది, అమ్మ వాటినే చూస్తూ నిలబడింది.