ప్రకటనలో మామ్మ

నేను కంప్యూటరు నేర్చుకున్న రోజుల్లో కీబోర్డులోనే యంత్రమంతా ఉండేది. దాన్ని టీవీకి తగిలించుకుంటే సరిపోయేది. నేను కొత్తగా టీచరుగా చేరిన స్కూలుకి వచ్చిన ఒకే ఒక్క యంత్రం ముందు, పిల్లలందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. అది నా పేరు అడిగేలా, చెప్పగానే ఆ పేరుతో నన్ను పలకరించేలా మొదటి ప్రోగ్రాం రాసుకున్నాను. ఆ వయసులో అదే పెద్ద స్నేహంలా అనిపించేది.

ఇన్నేళ్ల తర్వాత ఒక కంపెనీ ఆ యంత్రాన్నే పాత రూపంలో, లోపల కొత్త సరుకుతో మళ్లీ తయారుచేసింది. అప్పటికి నేను స్కూల్లో కంప్యూటరు టీచరు ఉద్యోగం మానేసి, రాజమండ్రిలో అద్దెకు తీసుకున్న పై వాటాలో ఒంటరిగా ఉంటున్నాను. గోదావరి జిల్లాల్లో దాని ప్రచారం చూసుకోమని నాకు పని అప్పగించారు.

కాకినాడ, భీమవరం షాపుల్లో నమూనా యంత్రం పెట్టి పక్కన నిలబడేదాన్ని. ఎక్కువగా నా ఈడు మగవాళ్లే ఆగేవారు. మీటల మీద వేళ్లు ఆనించి చూసుకునేవారు. భీమవరంలో ఒకాయన చాలాసేపు ఏదో టైపు చేసి, "చాలండి, ఒకసారి ముట్టుకోవాలనిపించింది" అని చెప్పి, కొనకుండానే వెళ్లిపోయారు.

అమ్మకాలు లేకపోవడంతో కంపెనీవాళ్లు ఒక ప్రకటన తీద్దామన్నారు. అందులో మాట నేనే రాశాను: "ఇంటిల్లిపాదీ ఒకే తెర ముందు." వాళ్లకది బాగా నచ్చింది. ఇల్లు కావాలంటే మా హాలే ఇచ్చాను.

హైదరాబాదు నుంచి దర్శకుడు, కెమెరా మనిషి వచ్చారు. కొడుకు, కోడలు, మనవరాలుగా వేసే మా జిల్లాలవాళ్లు కూడా ఉదయమే వచ్చేశారు. మామ్మ వేషం వేయాల్సిన ఆవిడ మాత్రం మోకాళ్లు పట్టేశాయని, రాలేనని ఫోన్ చేసింది.

దర్శకుడు నావైపు చూశాడు. "మేడమ్, మీరే కూర్చోండి. మాటలేం లేవు, నవ్వితే చాలు."

చీర మార్చుకుని సోఫాలో కూర్చున్నాను. పాప వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది. నా పాత ప్రోగ్రామే యంత్రంలోకి ఎక్కించాను. పాప తన పేరు కొట్టగానే తెర మీద పలకరింపు కనిపించింది. "మామ్మా, నన్నే పిలుస్తోంది" అంది పాప. అది ఆ పిల్ల చెప్పాల్సిన మాట కాదు. అయినా దర్శకుడు ఉంచేశాడు.

కొడుకు వేషం వేసినతను కెమెరా తిరుగుతున్నంతసేపూ "అమ్మా" అనేవాడు. ఆపగానే "మేడమ్, కొంచెం మంచినీళ్లు ఇప్పిస్తారా?" అనేవాడు. మధ్యాహ్నం అందరికీ పులిహోర పెట్టాను. సాయంత్రానికి వాళ్లు వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాక, జరిపిన కుర్చీలు మళ్లీ యథాస్థానాల్లో సర్దాను. సర్దడం అయిపోయాక కూడా కొంతసేపు హాల్లోనే నిలబడిపోయాను.

ప్రకటన అందరి ఫోన్లలోకీ వచ్చింది. కింద వాటాలో ఉండే ఇంటావిడ మెట్ల దగ్గర ఆపి అడిగింది.

"మీకు కొడుకున్నాడని ఎప్పుడూ చెప్పలేదేంటండి?"

"లేడండి. వాళ్లు డబ్బులిచ్చి పిలిపించినవాళ్లు."

"అలాగా" అంది. "పాప మాత్రం మీ పోలికేనండి."

వానాకాలంలో ఒక పొద్దున్న, కోడలి వేషం వేసిన అమ్మాయి ఫోన్ చేసింది. కాకినాడ నుంచి ఒక్కతే ఇక్కడి ఆస్పత్రికి వచ్చిందట.

"రిపోర్టు సాయంత్రం ఇస్తారంటండి. అందాకా ఎక్కడ కూర్చోవాలో తెలీట్లేదు. మీ ఇల్లు గుర్తొచ్చింది."

"వచ్చెయ్యమ్మా" అన్నాను.

తడిసిపోయి వచ్చింది. తువ్వాలు ఇచ్చి అన్నం పెట్టాను. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. ఏం పరీక్షలో తను చెప్పలేదు, నేనూ అడగలేదు. సోఫాలోనే ఒక పక్కకి తిరిగి పడుకుంది. నిద్ర చెడుతుందేమోనని గిన్నెలు కూడా తోమకుండా వంటింట్లో కూర్చున్నాను. ఇంట్లో ఇంకో మనిషి ఊపిరి వినబడి ఎన్నాళ్లయిందో.

లేచాక టీ ఇస్తూ అడిగాను. "పాప బాగుందా?"

"ఏ పాపండి?" అని ఆగి, చిన్నగా నవ్వింది. "ఆ పాపా? మా పాప కాదండి. వాళ్లది సామర్లకోట. ఆ రోజు తర్వాత నేనూ చూళ్లేదు."

"మరి అతను?"

"అతనూ ఎవరో తెలీదండి. ఆ రోజు ఇక్కడే కలిశాం."

వాళ్లు ముగ్గురూ ఒక కుటుంబమనే నేను అనుకుంటూ వచ్చాను. వ్యాన్‌లో కలిసి వెళ్లి, కలిసే ఒక ఇంటి ముందు దిగి ఉంటారని ఊహించుకున్నాను. రిపోర్టు వేళయ్యాక గొడుగు పట్టుకుని ఆటో దాకా వెళ్లి ఎక్కించాను.

మర్నాడు ఫోన్ చేసి, భయపడాల్సిందేమీ లేదన్నారని చెప్పింది. ఆ నెలాఖరుకే కంపెనీవాళ్లు మా జిల్లాల్లో ప్రచారం ఆపేశారు. అది తెలిసి మళ్లీ ఫోన్ చేసింది.

"ఇప్పుడేం చేస్తారండి?"

"ఇంకా ఏమీ అనుకోలేదు."

అటువైపు వాళ్ల వీధిలో ఎవరో చేపలమ్ముతున్న కేక వినబడుతోంది.

"ఉంటానండి మరి" అంది.

"సరేనమ్మా" అన్నాను. తను పెట్టేసేదాకా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను.