నా చేతుల్లోనే పోయారని చెప్పాను

ఈ మాట ఎవరికైనా చెప్పాలని ఏళ్ల తరబడి అనుకుంటున్నాను. గొంతు దాకా వస్తుంది, మింగేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నా ధైర్యం. పేరు మాత్రం అడక్కండి. మీరు సీరియల్స్ చూసేవాళ్లయితే నా మొహం చూసే ఉంటారు. కోడల్ని కాల్చుకుతినే అత్తగారినో, ఆ అత్తగారిని ఎగదోసే పిన్నినో నేనే.

నేనొక అబద్ధం ఆడాను. చచ్చిపోయిన మనిషి గురించి ఆడాను. ఇంకా ఆడుతూనే ఉన్నాను.

ఆవిడ ఒకప్పుడు తెర మీద అందరికీ అమ్మ. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. నేను తెనాలి నుంచి వచ్చిన కొత్తలో నాకు అన్నం పెట్టింది. కెమెరా ముందు ఏడుపు ఎక్కడ ఆపుకోవాలో నేర్పింది. తర్వాత ఆవిడకి వేషాలు తగ్గాయి, నాకు పెరిగాయి. జూబ్లీహిల్స్ ఇల్లు వదిలేసి యూసుఫ్‌గూడలో చిన్న వాటాలోకి మారింది. కూడా వెళ్లింది యాదమ్మ ఒక్కతే. యాదమ్మ ఆవిడ హెయిర్ డ్రెస్సర్. షూటింగులు ఆగిపోయినా ఆ మనిషి రోజూ ఆవిడకి తల దువ్వుతూనే ఉండేది.

నేను వెళ్లడం మానేశాను. తీరిక లేదని చెప్పుకునేదాన్ని. ఏం తీరిక లేదు నా మొహం! ఫిల్మ్‌నగర్ నుంచి యూసుఫ్‌గూడ ఎంత దూరమని? ఆవిణ్ణి ఆ చీకటి గదిలో చూస్తే, రేపు నా గతీ ఇంతే కదా, నాకు యాదమ్మ కూడా ఉండదు కదా అని భయం వేసేది. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు బిజీ.

పోయే ముందు వారం ఫోన్ చేసింది. ఒకసారి వచ్చిపోవే, చూడాలనుంది అంది. షాట్‌లో ఉన్నాను పెద్దమ్మా అన్నాను. మా ఇంట్లో సోఫాలో కాళ్లు చాపుకుని, పక్కన యూనిట్ అంతా ఉన్నట్టు గొంతు తగ్గించి మరీ అన్నాను. అయ్యో, అయితే తర్వాత చెయ్యమ్మా అంది. నేను చెయ్యలేదు.

పోయిన రోజు ఆవిణ్ణి ఫిల్మ్‌నగర్‌లోనే అందరూ చూడ్డానికి ఉంచారు. యాదమ్మ జడ వేసి పూలు పెట్టింది. చానళ్లవాళ్లు వచ్చినవాళ్లని వచ్చినట్టు పక్కకి పిలిచి బైట్ అని రెండు మాటలు చెప్పించుకుంటున్నారు. మా దగ్గర అదొక ఆనవాయితీ. పోయినవాళ్లు మనకెంత దగ్గరో అక్కడే చెప్పాలి. నా మొహం ముందు మైకు పెట్టి, చివరిసారి ఎప్పుడు కలిశారు మేడమ్ అని అడిగారు.

కలవలేదు అంటే సరిపోయేది. ఎంతమంది అనలేదు? కానీ నా నోరు ఆగలేదు. "ఆఖరి రోజుల్లో నేనే దగ్గరుండి చూసుకున్నాను. నా చేతుల్లోనే పోయారు" అన్నాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు నిజం. మాటే నిజం కాదు. వెనకాల నిలబడ్డ యాదమ్మని చూపించి, ఈవిడెవరని అడిగితే, పనావిడ అన్నాను.

ఆ కుర్రాడు మైకు యాదమ్మ వైపు తిప్పి, మేడమే చూసుకున్నారా అన్నాడు. ఆమె నన్ను చూసింది. అవు సార్, ఈ అమ్మనే సూసుకుంది అంది.

జనం పలచబడ్డాక గేటు దగ్గర ఆమెని పట్టుకున్నాను.

"ఎందుకలా చెప్పావు యాదమ్మా?"

"ఇగ ఏం జెప్పమంటవమ్మా? ఎవ్వలు రాలే, ఒక్కతే పానం ఇడిసిందని టీవీల జెప్పాల్నా? గది అమ్మకు ఇజ్జతా? నువ్వు ఒచ్చినవన్నవ్. జర మంచిగనే ఇనబడ్డది. ఉండనియ్."

"నన్ను తిట్టవేం?"

"తిట్టి ఏం జెయ్యాలె? అమ్మ నీ సీరియల్ ఒక్కదినం ఇడువలే. ఇది నా బిడ్డ అంటుండె. ఆఖరికి నా ఒళ్లె తల వెట్టుకోని గూడ గదే అన్నది."

ఇంకేం మాట్లాడకుండా రహమత్‌నగర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ నేను ఆమెని చూడలేదు. వెతకలేదు అని రాయాలి.

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది. ప్రతి వర్ధంతికీ నన్నే పిలుస్తారు. ఏటేటా కొంచెం కలుపుతాను. నా చేత్తో గంజి తాగించానన్నాను ఒక ఏడు. నటన మాత్రం వదలకే అన్నారని ఇంకో ఏడు. ఆ మాట పెద్దక్షరాలతో తెర మీద వేశారు. నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. సిగ్గు లేకుండా కప్పించుకున్నాను.

మా కింది వాటాలో ఒకావిడ ఇంగ్లీషు నేర్పుతుంది. మొన్న కిటికీలోంచి పాఠం వినబడింది. మనసులో ఉన్నది పదిమందిలో చెప్పుకోవడాన్ని 'ప్రొఫెస్' అంటారట. మనసులో లేనిది ఉన్నట్టు చెప్పుకున్నా అదే మాట వాడతారట. పిల్లలు రెండర్థాలూ గట్టిగా వల్లిస్తున్నారు. నేను లేచి కిటికీ మూసేశాను. ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు, ఎవరికి వినబడకూడదని మూశానో నాకే తెలియదు.

ఇన్నాళ్లూ నోరు మూసుకోవడానికి నాకొక మంచి సాకు ఉంది. నిజం చెబితే పెద్దమ్మ దిక్కులేకుండా పోయిందని లోకానికి తెలుస్తుంది, యాదమ్మ కాపాడిన పరువు నేను తీసినదాన్నవుతాను అని. ఎంత పెద్దమనసో నాది! యాదమ్మ మాట అడ్డం పెట్టుకుని హాయిగా బతికేశాను. కానీ ఇది రాస్తూ ఆ మాట మళ్లీ చదువుకున్నాను. ఒక్కతే పానం ఇడిసింది అందామె. ఒక్కతే ఎలా అవుతుంది? తనని తాను లెక్కలో వేసుకోలేదు ఆ మనిషి. నేనూ వెయ్యలేదు. పనావిడ అన్నానుగా.

అందుకని ఇప్పుడు చెబుతున్నాను. దీంతో నా పాపం పోతుందని కాదు, పోదు. పెద్దమ్మ ఒంటరిగా పోలేదు. యాదమ్మ ఒళ్లో తల పెట్టుకుని పోయింది. ఆ గదిలో లేనిది నేను.