రిమోటు కారు, బిళ్ళ అనే మాట

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వచ్చిన రెండో వేసవిలో నన్ను ములకలపల్లి అవతల, అడవి అంచు సెక్టారుకు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. సెక్టారు అంటే పాతిక దాకా కేంద్రాలు. కేంద్రానికో టీచరు, ఆయా. వాళ్ల మీద సూపర్‌వైజరు, మా మీద సీడీపీఓ, అంటే ప్రాజెక్టు అధికారి. పిల్లల బరువులు సరిగ్గా తూస్తున్నారా, గుడ్లు పిల్లల కడుపులోకే పోతున్నాయా అని చూడటం నా పని. ఊళ్లో వాళ్లు నన్ను గుడ్ల మేడం అనేవాళ్లు. అది అబద్ధమేమీ కాదు కాబట్టి నేనెప్పుడూ కోపం తెచ్చుకోలేదు.

అక్కడ ఇప్పపువ్వు రాలే రోజుల్లోనూ, బీడీల కోసం తునికాకు కోసే రోజుల్లోనూ హాజరు పడిపోతుంది. తల్లులు తెల్లారకముందే అడవికి పోతూ పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు. ఎండదెబ్బ, పాము, తేలు అన్నీ అక్కడే. పిల్లల్ని కేంద్రానికి రప్పించడానికి ఒక కంపెనీ దాతృత్వం కింద కేంద్రానికొక రిమోటు కారు ఇస్తామంది. ఏ కారు కొనాలో తేల్చే పని సీడీపీఓ గారు నాకు అప్పగించారు. "మీరు పిల్లల మనిషి, మీరే చూడండి" అన్నారు. నిజంగానే చూడమన్నారని అనుకున్నాను.

ఇల్లందులో ఖాజా సాబ్ అని బొమ్మలూ గడియారాలూ అమ్మే వ్యాపారి ఉన్నారు. వాళ్ల నాన్న కాలం నాటి దుకాణం. ఒక రోజంతా అక్కడే కూర్చుని ఉన్న కార్లన్నీ కిందికి దింపించాను. మూడేళ్ల పిల్లకు మొదటి కారు ఎలా ఎంచాలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు కాబట్టి ఆ పద్ధతి చెబుతాను. రెండు చేతులతో రెండు పుల్లలు తిప్పే రిమోటు ఆ వయసుకు పనికిరాదు. ముందుకు ఒకటి, వెనక్కి తిరగడానికి ఒకటి, రెండు లావు మీటలుంటే చాలు. పిల్ల నడిచి అందుకోగలిగినంత వేగమే ఉండాలి. రిమోటుకు పొడుగాటి ఏంటెనా తీగ ఉంటే కంట్లో గుచ్చుకుంటుంది. టైరును పళ్లతో పట్టి లాగినా ఊడిరాకూడదు. నేను పళ్లతో లాగి చూస్తుంటే ఖాజా సాబ్ కొడుకు లోపలికి పోయి నవ్వుకున్నాడు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది సెల్లు గది, అంటే బ్యాటరీ పెట్టే అర. కారుకూ రిమోటుకూ రెండిటికీ పెన్సిల్ సెల్లే ఉండాలి. దాని మూతకు స్క్రూ ఉండాలి, గోటితో జరిపితే తెరుచుకునే మూత వద్దు. గుండ్రటి బిళ్ళ సెల్లు ఉన్న బొమ్మ ఎంత అందమైనదైనా పక్కన పెట్టాలి. అది గొంతులో ఇరుక్కుంటే తడి తగలగానే కరెంటు పారి చుట్టూ ఉన్న కండను కాలుస్తుంది. శిక్షణలో ఒక పిల్లల డాక్టరు ఈ సంగతి చెప్పినప్పటి నుంచి అది నా మనసులో నాటుకుపోయింది.

చివరికి లావు చక్రాల ఆకుపచ్చ కారొకటి మిగిలింది. దాన్ని నా తల ఎత్తు నుంచి నాపరాయి మీద నాలుగైదుసార్లు పడేశాను.

"మేడం, కొననీకె వచ్చిండ్రా, పలగ్గొట్టనీకె వచ్చిండ్రా?" అన్నారు ఖాజా సాబ్.

కారు పగల్లేదు. మా కేంద్రాల ముందున్న గుంతల వాకిట్లో కూడా అది బాగా నడుస్తుందని నాకు తోచింది. ఆ కారే కావాలని, ఎందుకు కావాలో వివరంగా రాసి పంపాను.

వచ్చినవి వేరే కార్లు. తెల్లగా, నున్నగా, నెత్తిన ఎర్రలైటు మెరుస్తూ సైరను మోగించే పోలీసు కార్లు. రిమోటు అరచేతిలో దాగేంత పల్చన. అందులో బిళ్ళ సెల్లు, గోటితో జరిపే మూత. నేను వద్దన్న గుణాలన్నీ ఏరి కొన్నట్టు ఉన్నాయి. ఆఫీసుకు వెళ్లి అడిగితే కారణం చెప్పారు. నేను ఎంచిన ఆకుపచ్చ కారు మీద కంపెనీ పేరు అతికించడానికి నున్నటి జాగా లేదట. ఫొటోలో లైటు వెలిగే కారైతే బాగుంటుందట. రిమోటు మూత గురించి ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "బొమ్మ కారుకు కూడా మీకు అభ్యంతరమేనా?" అని సీడీపీఓ గారు నవ్వారు. ఆ నవ్వును నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

కార్లను ఆపే అధికారం నాకు లేదు. ఉన్నంతలో చేసిందేమిటంటే, సెక్టారు మీటింగులో టీచర్లందరి చేతా రిమోటు మూత చుట్టూ దవాఖానా ప్లాస్టర్ గట్టిగా చుట్టించాను. రిమోటు పిల్లల చేతికి ఇవ్వొద్దని, బిళ్ళ నోట్లో పడితే ఒక్క క్షణం కూడా ఆగొద్దని చెప్పాను. రోడ్డు చివరి పల్లెలో ముత్తమ్మ అనే టీచరు ఉండేది. ఆమె ఒక వరస చాలదని రెండు వరసలు చుట్టింది.

కంపెనీ వాళ్లు ఫొటోల కోసం ఎంచుకున్నది ముత్తమ్మ కేంద్రాన్నే. ఆ రోజు నాకు వేరేచోట డ్యూటీ వేశారు. తరువాత ముత్తమ్మ చెబితే తెలిసింది. ప్లాస్టర్ చుట్టిన రిమోటు చూడగానే సీడీపీఓ గారు, ఇదేమిటి ఆసుపత్రి రోగిలాగా, ఫొటోలో అసహ్యంగా ఉంటుంది, తీసెయ్యమన్నారు. ముత్తమ్మ తీసింది. ఒక్కో పిల్ల చేతికీ రిమోటు ఇచ్చి ఫొటోలు తీశారు. వచ్చినవాళ్లు తమ కార్లెక్కి వెళ్లిపోయారు. వాళ్లను సాగనంపి ముత్తమ్మ, ఆయా లోపలికి వచ్చేసరికి రిమోటు నేల మీద పడి ఉంది, మూత ఊడి ఉంది. చందు అనే మూడేళ్ల పిల్లవాడు గొంతు పట్టుకుని దగ్గుతున్నాడు. ఏం మింగినవ్‌రా అని ఆయా అడిగితే "బిళ్ళ" అన్నాడు.

ముత్తమ్మ ఆగలేదు. మిగతా పిల్లల్ని వదిలి తాను కదలడానికి వీల్లేదు కాబట్టి చందు తల్లి సీతకు కబురు పంపింది. సీత తునికాకు కట్టలు అడవిలోనే పడేసి పరుగెత్తుకొచ్చింది. "రిమోట్ల బిళ్ళ మింగిండు, జల్దీ దవాఖానాకు తీస్కపో" అని ముత్తమ్మ చెప్పి, ఎవరిదో బండి ఎక్కించింది. సీత జన్మలో రిమోటు పట్టుకున్న మనిషి కాదు. దారి పొడుగునా ఆమెకు గుర్తున్నది బిళ్ళ ఒక్కటే. ఆరోగ్య కేంద్రంలో నర్సుతో ఆ మాటే చెప్పింది.

"పిలగాడు బిళ్ళ మింగిండమ్మా."

"ఏం బిళ్ళ? రూపాయి బిళ్ళనా?"

"ఏమోనమ్మా. తెల్లగ, గుండ్రంగ ఉంటదంట."

"అవ్, గదే. భయపడకు. అరటిపండ్లు పెట్టు, రేపటికి దొడ్డికి పోతదిలే."

నర్సును తప్పు పట్టను. మన దగ్గర బిళ్ళంటే రూపాయి బిళ్ళ, కాకపోతే మందు బిళ్ళ. పిల్లలు రూపాయి మింగడం, మర్నాడు అది బయటికి రావడం ఆమె ఎన్నోసార్లు చూసి ఉంటుంది. ముత్తమ్మ మాటలో రిమోటు దారిలో జారిపోయింది, బిళ్ళ మాత్రం చేరింది. ఆ జారిపోయిన మాటలోనే పిల్లవాడి ప్రాణం ఉంది.

ఆ పల్లెలో సిగ్నలు ఉండదు. పిల్లవాణ్ని ఇంటికి పంపేశారని ముత్తమ్మ సిగ్నలు దొరికే చోటికి పోయి చేసిన ఫోను నాకు మర్నాడు పొద్దున అందింది. బిళ్ళ అనగానే "సెల్లు బిళ్ళనా?" అని అరిచాను. నేను వెళ్లేటప్పటికి చందు నోటి నుంచి చొంగ కారుతోంది, ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు. జీపు మాట్లాడి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఎక్స్‌రేలో నాణెమైతే ఒకటే గీత గుండ్రంగా కనిపిస్తుందట, సెల్లైతే వలయంలో ఇంకో వలయం ఉంటుందట. డాక్టరు నాకు ఆ రెండు వలయాలు చూపించి, వెంటనే పట్నం పంపించారు. సెల్లు తీశారు, పిల్లవాడు బతికాడు. కానీ అన్నవాహిక కాలి, మానేటప్పుడు ముడుచుకుపోయింది. దాన్ని వెడల్పు చేయించడానికి సీత పిల్లవాణ్ని చంకనేసుకుని పట్నం తిరుగుతూనే ఉంది. చందు ఇప్పుడు బడికి పోతున్నాడు. అన్నం జావలాగా పిసికి పెడితేనే మింగుతాడు.

విచారణ జరిగింది. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండనందుకు, రక్షణగా చుట్టిన ప్లాస్టర్ తొలగించినందుకు ముత్తమ్మను విధుల నుంచి తీసేశారు. ఎవరో తీయమన్నారని ముత్తమ్మ చెబితే తప్పించుకోవడానికి అంటోందని కొట్టేశారు. ప్లాస్టర్ ఎవరు తీయమన్నారో నేను వాంగ్మూలంలో చెప్పాను. ఆ సమయంలో అక్కడ లేని వ్యక్తి చెప్పిన మాట చెల్లదని పక్కన పెట్టారు. అక్కడున్న ఆయాకు తన ఉద్యోగం కావాలి, ఆమె తనకేమీ గుర్తు లేదంది. సీడీపీఓ గారికి తరువాత ప్రమోషన్ వచ్చింది.

ముత్తమ్మ ఇప్పుడు మిర్చి ఏరడానికి కూలికి పోతోంది. మొన్నామధ్య బస్టాండులో కనబడింది. నేను ఏదో ఓదార్పు చెప్పబోతే ఆపేసింది.

"తియ్యమన్నోళ్లు కుర్చీల ఉన్నరు మేడం. తీసినందుకు నన్ను తీసేసిండ్రు. గంతే."

ఘటన తరువాత పై ఆఫీసు నుంచి అన్ని కేంద్రాలకూ సర్క్యులర్ వచ్చింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. 'బటన్ బ్యాటరీల పట్ల అప్రమత్తత వహించవలెను' అని ఉంది అందులో. మా సెక్టారులో బటన్ అంటే చొక్కా గుండీ. ఇది తల్లులకు ఎక్కదు, 'సెల్లు బిళ్ళ' అని రాయండి, ఆసుపత్రిలో కూడా 'సెల్లు బిళ్ళ' అనే చెప్పాలని నేర్పించండి అని కోరాను. అది కార్యాలయ భాష కాదని జవాబిచ్చారు. సర్క్యులర్ మార్చలేదు. రిటైరయ్యేదాకా నా సెక్టారులో నోటిమాటగా నేనే నేర్పించాను.

కారు ఎంచడం కష్టమైన విద్య కాదు, ఎవరైనా ఒక్క రోజులో నేర్చుకోవచ్చు. నాకు ఈ ఉదంతం నేర్పింది వేరే. ఎంచే పని ఒకరికి అప్పగించి, మార్చే అధికారం తమ దగ్గరే ఉంచుకునే వాళ్లు, శిక్షకు మూడో మనిషిని ముందే చూసి పెట్టుకుంటారు. ఆ మూడో మనిషి ఎప్పుడూ కింది మెట్టు మీదే ఉంటుంది.