మంగళవారం గడ్డం

మెట్టుగూడలో ఉండే శేషారత్నం భర్త అమ్మిరాజు ముప్పై ఏళ్ళపాటు రెజిమెంటల్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడిపాడు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట మాత్రం పోలేదు. అదీ పోయి ఉంటే తనకింత ఉక్రోషం ఉండేది కాదేమోనని శేషారత్నం అనుకునేది.

స్నానం చేయించేది ఆవిడే, అన్నం కలిపి పెట్టేది ఆవిడే. ఆవిడతో ఆయన మాటలు "నీళ్ళు", "ఫ్యాను", "చాలు". ఫకీర్ వచ్చి గడ్డం గీసే మంగళవారం మాత్రం వేరు. దుకాణం పక్కనే ఫకీర్ సెలూన్. మంగళవారం సెలవు గనక ఇంటికొచ్చేవాడు. ఆ పొద్దున అమ్మిరాజు ఉతికిన చొక్కా అడిగి వేయించుకుని, వరండాలో వీధివైపు చూస్తూ కూర్చునేవాడు. తన కోసం ఆయన అలా ఎదురుచూసిన రోజు ఒక్కటైనా ఉందా అని ఆవిడ వెతుక్కునేది. ఫకీర్ గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టగానే ఆయన కళ్ళు మూసుకుని మెడ వెనక్కి వాల్చేసేవాడు. అదే మెడను తను తువ్వాలుతో తుడవబోతే బిగుసుకుపోయేవాడు.

ఒక మంగళవారం టీ తెస్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగిపోయింది. భార్య కూరగాయలకు వెళ్ళినప్పుడు బాత్రూంలో జారిపడ్డాననీ, లేవడానికి అరగంట పట్టిందనీ, అప్పట్నించీ నీళ్ళ చప్పుడు వింటేనే భయమేస్తోందనీ అమ్మిరాజు చెబుతున్నాడు. ఫకీర్ కత్తి ఆపి ఆయన భుజం నిమురుతున్నాడు. నెల కిందటి సంగతి. ఒకే ఇంట్లో ఉండే తనకు తెలియదు.

మర్నాడే ఆవిడ బజారుకెళ్ళి ఫకీర్ వాడేలాంటి మడతకత్తి కొనుక్కొచ్చింది. బ్లేడును కాగితంతో సహా సగానికి విరిచి, ఆ ముక్కను కత్తిలో దూర్చి మూయాలి. గాలి ఊదిన రబ్బరు బుడగకు సబ్బు నురగ పూసి, ఫోన్‌లో వీడియో చూస్తూ గీసింది. మొదటిరోజు ఆరు బుడగలు పేలాయి. చప్పుడేమిటని అమ్మిరాజు అడిగితే ఏమీ లేదంది. నాలుగైదు రోజులకు ఒక బుడగ పేలకుండా మిగిలింది.

తర్వాతి మంగళవారం, ఇక తనే గీస్తానని ఫకీర్‌తో చెప్పేసింది. అతను కాసేపు ఆవిడ చేతులవైపు చూశాడు.

"కత్తి పట్టిన చెయ్యి కాదమ్మా, తోలు గుంజి పట్టే చెయ్యి జెర చూస్కోండ్రి. పరేషాన్ అయితే తెగుతది," అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మొదటిసారే దవడ కింద తెగింది. అమ్మిరాజు అరవలేదు, కానీ గీసినంతసేపూ కళ్ళు మూయలేదు. ఆవిడ పటిక రుద్దింది. రెండోవారం చెవి దగ్గర చిన్న గీత. కత్తిని చెంపమీద దాదాపు పడుకోబెట్టి, వెంట్రుకల వాలు వెంటే మెల్లగా దించాలని క్రమంగా చేతికి తెలిసింది. నాలుగోవారానికి చెంప నున్నగా వచ్చింది. ఆయన మాటలు మాత్రం "నీళ్ళు", "చాలు" దాటలేదు.

నురగ తుడుస్తూ ఆవిడ అడిగేసింది. "బాత్రూంలో పడ్డ సంగతి ఫకీర్‌కి చెప్పారు. నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన అన్నాడు. "అతను విని ఇంటికి పోతాడు రత్నం. నీకు చెప్తే నా భయాన్ని రోజంతా నీ మొహంలో చూస్తూ కూర్చోవాలి."

ఆవిడ కత్తి కడిగి, తుడిచి, మడిచింది. రెండు రోజులు ఆలోచించి తనే ఫకీర్‌కి ఫోన్ చేసి, మళ్ళీ రమ్మంది. అతను మంగళవారం వస్తానన్నాడు. సోమవారం సాయంత్రం మాత్రం కావాలనే అమ్మిరాజును కూర్చోబెట్టి, ఒక్క వెంట్రుక మిగలకుండా గీసేసింది.

మర్నాడు ఫకీర్ వచ్చి ఆయన రెండు చెంపల మీదా బొటనవేలు నడిపాడు. అతని ముఖం కాస్త చిన్నబోయింది. చెయ్యి బాగా తిరిగిందమ్మా మీకు, అన్నాడు. మళ్ళీ చెవి కింద తడిమి చూశాడు.

"ఈడ జెర మిగిలింది," అన్నాడు మెల్లగా.

అక్కడేమీ మిగల్లేదని శేషారత్నానికి తెలుసు. అయినా లోపలికెళ్ళి వేడినీళ్ళు తెచ్చిపెట్టింది.

ఇప్పుడు శనివారం ఆవిడ గీస్తుంది, మంగళవారం ఫకీర్ గీస్తాడు. వరండాలో వాళ్ళిద్దరి నవ్వు వినబడితే ఆవిడకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.