వద్దన్నదెవరినో అడగమన్న మేడం

మొన్న సిద్దిపేట నుంచి చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, మీ కంప్యూటర్ మేడం పోయిందటనే. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినంక నిద్రలనే పానం పోయిందట." ఆఫీసులో ఉన్నాను. తెర మీది అక్షరాలు కాసేపు అలుక్కుపోయాయి.

తొంభైల చివర్లో బస్టాండు దగ్గరి మేడ మీద ఆమె కంప్యూటర్లు నేర్పేవారు. అప్పటికి మా దగ్గర, కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ పేరు విన్నవాళ్లే తక్కువ. ఆమె హైదరాబాద్ నుంచి సీడీ తెచ్చి, తానే ఎక్కించి, తాను నేర్చుకుంటూ మాకు నేర్పారు. యంత్రం మొండికేస్తే మేము ఆపి మళ్లీ పెట్టేవాళ్లం. ఆమె మాత్రం కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెర మీది వాక్యాన్ని మాతో పైకి చదివించేవారు. "అది ఊకెనే వద్దనది. ఎవల్ని వద్దంటుందో, దేనికి వద్దంటుందో ముందుగాల చూడుర్రి" అనేవారు.

ఆ మాట నాకు తలకెక్కింది మా నాన్న, బాపు, అక్కడికి వచ్చిన రోజున. బాపుది మగ్గం పని. ఈ చదువు కూడు పెడుతుందా అని ఆయన అనుమానం. నేను చీర అంచుకు బొమ్మ గీసే ప్రోగ్రాం రాశాను. అది కాగితం మీద చూపిస్తే సరే, లేదంటే ఆ నెలతో మానేయాలి. అంతకుముందు కంప్యూటర్‌లో మేడం పేరున్న ఖాతా నుంచి ప్రింటు చక్కగా వచ్చింది. ఆ రోజు నా ఖాతాలో మీట నొక్కితే, అనుమతి లేదని ఇంగ్లీషులో ఒక ముక్క పడింది. ప్రింటర్ కదల్లేదు.

"మేడం, అన్ని అనుమతులు అందరికి తెరిస్తే అయిపాయె" అన్నాడు ల్యాబ్ చూసే అన్న.

"తాళం రాలేదని తలుపు పీకుతమా? అట్ల తెరిస్తే రేపు ఈ పిల్ల బొమ్మను ఎవలన్న చెరిపేస్తరు" అన్నారు మేడం.

బాపు లేచాడు. "పని కాకుంటే పోతం తియ్యిర్రి మేడం."

"కూసో అన్నా. గిది చెడిపోలే, కావలి కాస్తుంది."

ఆమె నా పక్కన కూర్చుని, ప్రింటర్ వాడే హక్కున్న గుంపును తెర మీద చూపించారు. అందులో నా పేరు లేదు. చేర్చారు. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. నాకు ఏడుపొచ్చింది.

మేడం నవ్వారు. "నువ్వు లోపటికి వచ్చినప్పుడు నీకు హక్కు లేకుండె బిడ్డా. బయటికి పోయి మళ్ల రా, గుర్తుపడ్తది."

నేను కుర్చీలోంచి లేవబోయాను.

"నువ్వు కాదే, నీ ఖాతా!"

బాపు కూడా నవ్వాడు. లాగవుట్ అయి, మళ్లీ లోపలికి వెళ్లి నొక్కగానే ప్రింటర్ కరకరలాడింది. "మగ్గంల మా నాడె లెక్కనే అటిటు ఉరుకుతుంది గదా!" అంటూ ఆయన దగ్గరికి జరిగాడు.

నేను చదువు మానలేదు. ఇవాళ సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్నాను. తొందరపడి అన్నీ తెరిచేద్దామనే కుర్రవాళ్లను ఆమె ప్రశ్నలే అడుగుతాను. వాళ్లు విసుక్కుంటారు, తర్వాత వెతుకుతారు.

మేడం అనగానే నాకు కనిపించేది మాత్రం ఆ మధ్యాహ్నమే. ప్రింటర్‌లోంచి వస్తున్న కాగితం నేల మీది దుమ్ములో పడకుండా ఆమె రెండు చేతులూ చాచి పట్టుకున్నారు. బొమ్మలు వరుసగా ఆమె ముంజేతుల మీదికి దిగుతున్నాయి. బాపు వంగి, వేలు తగలనీయకుండా, ఒక్కో బొమ్మనూ చూస్తున్నాడు.